ఐన్‌స్టీన్ ఉత్తరం 45 వేలకు వస్తుందంటే కొనవచ్చా?

కావలి నుంచి ప్రశ్న పంపిన మిత్రుని సంగతి మిగిలినవారికి కూడా తెలియాలి కనుక రెండు ముక్కల్లో చెబుతాను. ఆయన తాతగారు ఫిజిక్స్ లెక్చరర్‌గా పనిచేసి రిటైరయ్యారు. ఆయన పోయాక ట్రంకుపెట్టె తెరిస్తే ఒక పోస్టుకార్డు, ఒక కవరు దొరికాయి. కార్డు మీద ఉన్నది పేరున్న శాస్త్రవేత్త సంతకం. దాంతో ఇలాంటి ఉత్తరాలు సేకరించాలనే ఆశ పుట్టింది. ఇంతలో ఒక విదేశీ సైటులో ఐన్‌స్టీన్ స్వదస్తూరితో రాసిన ఉత్తరం 45,000 రూపాయలకు కనిపించింది. కొనవచ్చా, నెలజీతం మీద బతికేవాడు ఈ పని మొదలుపెట్టగలడా అని అడుగుతున్నారు.

ఆ ఐన్‌స్టీన్ ఉత్తరం కొనకండి. సేకరణ మాత్రం మొదలుపెట్టండి, అదీ మీ తాతగారి ట్రంకుపెట్టెతోనే. తొందరలో ఉన్నవారు ఇక్కడితో చదవడం ఆపేసినా నష్టం లేదు. తీరిక ఉన్నవారికి కారణాలు చెబుతాను.

నేను నెల్లూరులో బీఎస్సీ ఫిజిక్స్ చదివి, తపాలా శాఖలో చేరి, అక్కడే 34 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. అందులో ఎక్కువ భాగం సార్టింగులోనే గడిచింది. కవరును ముందు నుంచి కాక వెనక నుంచి చదవడం నాకు ఉద్యోగం నేర్పిన అలవాటు. ఇప్పుడు నా దగ్గర 140 దాకా ఉత్తరాలున్నాయి. వాటిలో రాసినవారి పేరు చెబితే బయటివాళ్లు గుర్తుపట్టగలిగేవి తొమ్మిది. మిగిలినవన్నీ లెక్చరర్లు, ప్రొఫెసర్లు, ప్రయోగశాలల్లో పనిచేసినవారు ఒకరికొకరు రాసుకున్నవి. ఆ తొమ్మిదింటి కంటే వీటినే ఎక్కువసార్లు బయటికి తీసి చదువుతుంటాను.

ముందు మీ 45 వేల ఉత్తరం సంగతి. మీరు పంపిన ఫోటోలో జర్మన్‌లో ఒక పేజీ, కింద సంతకం, పక్కన సర్టిఫికెట్ ఉన్నాయి. సర్టిఫికెట్ ఇచ్చింది ఎవరని చూస్తే, అమ్మేవాడే. ఐన్‌స్టీన్ చేతిరాత ధర ఎలా ఉంటుందో ఒకసారి చూడండి. ఎరిక్ గుట్‌కిండ్ అనే తత్త్వవేత్తకు 1954 జనవరి 3న దేవుడి గురించి రాసిన ఉత్తరం 2018 డిసెంబరులో న్యూయార్క్ వేలంలో దాదాపు 29 లక్షల డాలర్లు పలికింది. లుడ్విక్ సిల్బర్‌స్టీన్ అనే భౌతికశాస్త్రవేత్తకు 1946లో రాసిన ఒక్క పేజీ 2021లో 12 లక్షల డాలర్లకు పోయింది. వేలంవాళ్లు ముందు వేసుకున్న అంచనా అందులో మూడో వంతే. అంత పెరగడానికి కారణం ఆ పేజీలో ఆయన తన చేత్తో E=mc² అని రాయడం. ఆయన దస్తూరిలో ఆ సమీకరణం ఉన్న కాగితాలు అప్పటికి తెలిసినవి మరో మూడే. ఇవి శిఖరాలు, నిజమే. మామూలు ఉత్తరాలు వీటికి ఎంతో తక్కువకు దొరుకుతాయి. అయినా నిండు పేజీ చేతిరాత 45 వేలకు ఇచ్చేవాడు అమాయకుడైనా అయి ఉండాలి, మనల్ని అమాయకులనైనా అనుకుంటూ ఉండాలి. మొదటి రకం మనిషి నాకు ఇంతవరకు తారసపడలేదు.

ఇక్కడే ఒక తిరకాసు ఉంది. ఐన్‌స్టీన్ పేరుతో అమ్ముడైన వాటిలో అత్యధిక ధరల జాబితాకెక్కిన ఒక ఉత్తరం అసలు చేతిరాతే కాదు. అణుబాంబు విషయమై 1939 ఆగస్టు 2 తేదీతో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు పంపిన ఉత్తరం లియో సిలార్డ్ అనే భౌతికశాస్త్రవేత్త చొరవతో తయారై, టైపు చేయించగా ఐన్‌స్టీన్ సంతకం పెట్టినది. రూజ్‌వెల్ట్‌కు చేరిన ప్రతి న్యూయార్క్ రాష్ట్రంలోని హైడ్ పార్కు అనే ఊళ్లో ఆయన పేరిట ఉన్న గ్రంథాలయంలో ఉంది. దానికి జోడుగా తయారై, సంతకంతో సహా సిలార్డ్ దగ్గర మిగిలిపోయిన పొట్టి ప్రతి 2024లో వేలానికి వచ్చి 39 లక్షల డాలర్లు పలికింది. దేవుడి గురించి స్వయంగా రాసిన పేజీ కంటే టైపు కాగితానికి పది లక్షలు ఎక్కువ. కాబట్టి సంతకం కోసం కాక, కాగితంలో ఏముందో, ఎవరు ఎవరికి ఎందుకు రాశారో చూసి కొనాలి. పావు శతాబ్దం నుంచి కొత్తవాళ్లందరికీ నేను చెబుతున్న మాట ఇది. వినేవాళ్లు తక్కువ.

అందుకు నా సొంత ఉదాహరణ చెబుతాను. 1987లో మాకు డిగ్రీలో పాఠం చెప్పిన మాస్టారు పోయారు. మూలపేటలో వాళ్లింటికి పరామర్శకు వెళితే, అమ్మగారు పాత కాగితాలవాడి కోసం గుమ్మం పక్కన కట్టలు కట్టి పెట్టి ఉన్నారు. ఒక కట్టలో, పురికొసకు కింద, నీలం కవర్ల అంచులు కనిపించాయి. అడిగితే ఆ కట్ట మొత్తం ఇచ్చేశారు. అందులో పదకొండు ఉత్తరాలు వాల్తేరు నుంచి రామన్ శిష్యుల్లో ఒకాయన రాసినవి. ఆయన పేరు ఇప్పుడు ఆ శాఖవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు.

వాటిలో నాకు కంఠతా వచ్చిన ఉత్తరం ఒకటుంది. సోడియం దీపపు పసుపు గీత నిజానికి రెండు గీతలు. వెలుగు తరంగాల పొడవును కొలిచే ఆంగ్‌స్ట్రామ్‌లలో చెబితే 5890, 5896 దగ్గర ఉంటాయి. తేడా వెయ్యిలో ఒక వంతు. వెలుగును రంగులుగా విడదీసి చూపే కాలేజీ స్పెక్ట్రోమీటర్‌లో ఆ రెండూ విడిగా కనిపించడం లేదు, పట్టకం బాగోలేదేమో, కొత్తది తెప్పించడానికి సిఫారసు చేయండి అని మా మాస్టారు రాసినట్టున్నారు. జవాబు పేజీన్నర. పట్టకాన్ని నిందించవద్దు, ఆ మాత్రం గీతలను విడదీయడానికి రెండు మూడు సెంటీమీటర్ల అడుగున్న గాజు చాలు, వెలుగు లోపలికి వచ్చే మీ చీలిక వెడల్పుగా ఉంది, దాన్ని సన్నం చేయండి, వెలుగు తగ్గుతుందని భయపడకండి, గదిలో చీకటి పెంచండి. కింద కిరణాల బొమ్మ ఒకటి గీసి, చీలిక అన్న మాట కింద రెండుసార్లు గీత గీశారు. రెండో గీత దగ్గర పాళీ చిన్నగా కాగితాన్ని చీల్చింది. పక్కనే, ఆరకముందే మడిచినందువల్ల, ఆ బొమ్మ నీడలాంటి మరక ఎదుటి సగంలోకి దిగింది. నీలి-నలుపు సిరా ఒత్తి రాసిన చోట్లలో ఇప్పుడు గోధుమరంగుకు తిరిగింది.

ఏడాది తర్వాత అదే కట్టలోని ఒక ప్రయోగాల నోటుపుస్తకంలో మాస్టారు రాసిన చిత్తుప్రతి దొరికింది. ప్రశ్న, జవాబు రెండూ చేతికొచ్చాయి. ఆ జత ఎంత పలుకుతుందో నాకు తెలియదు, అడగలేదు. నా దగ్గరున్న ఒక నోబెల్ గ్రహీత సంతకం 'మీ శుభాకాంక్షలకు ధన్యవాదాలు' అన్న వాక్యం కింద ఉంది. రెండిటిలో ఏది వదులుకుంటావని అడిగితే ఒక్క క్షణం కూడా ఆలోచించను.

భౌతికశాస్త్ర చరిత్రలో ఉత్తరమే మలుపు తిప్పిన సందర్భాలు చాలా ఉన్నాయి. సత్యేంద్రనాథ్ బోస్ ఢాకా నుంచి 1924 జూన్ 4న ఐన్‌స్టీన్‌కు ఒక వ్యాసం జతచేసి, మీకు నచ్చితే జర్మన్‌లో అచ్చువేయించండి అని రాశారు. ఐన్‌స్టీన్ స్వయంగా అనువదించి పత్రికకు పంపారు. జూలై 2న బోస్‌కు పోస్టుకార్డు రాశారు. ఆ కార్డు చూపించగానే విశ్వవిద్యాలయం విదేశీ చదువుకు సెలవు ఇచ్చింది, జర్మన్ కాన్సులేటు రుసుము కూడా తీసుకోకుండా వీసా ఇచ్చింది. పోస్టుకార్డుకు అంత బలం ఉన్న రోజులు. తపాలా ఉద్యోగిగా ఈ కథ నేను ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. భౌతికశాస్త్రవేత్త పౌలీ 1930 డిసెంబరు 4న ఒక సమావేశానికి 'రేడియోధార్మిక స్త్రీ పురుషులారా' అని సంబోధిస్తూ రాసిన ఉత్తరంలోనే, మనం నేడు న్యూట్రినో అంటున్న కణాన్ని తొలిసారి ప్రతిపాదించారు. తాను రాలేకపోవడానికి కారణం జూరిక్‌లో ఒక నృత్య వేడుక అని కూడా అందులోనే రాశారు.

ఇక నకిలీలు. ఇవి గొప్పవాళ్లనూ వదల్లేదు. 1860లలో ఫ్రాన్సులో వ్రాన్-లూకా అనేవాడు మిషెల్ షాల్ అనే పేరుమోసిన గణితవేత్తకు 27,000 దాకా దొంగ ఉత్తరాలు అమ్మాడు. గురుత్వాకర్షణను న్యూటన్ కంటే ముందు పాస్కల్ కనిపెట్టాడని చెప్పే ఉత్తరాలు వాటిలో ఉన్నాయి. షాల్ వాటిని 1867లో ఫ్రెంచి శాస్త్ర అకాడమీ ముందు పెట్టి పరువు పోగొట్టుకున్నాడు. ఆ కట్టల్లో క్లియోపాత్రా రాసిన ఉత్తరం కూడా ఉంది, అదీ ఫ్రెంచిలో! అంత లెక్కలు వచ్చిన మనిషికి ఆ చిన్న అనుమానం ఎందుకు రాలేదో. కొనాలనే ఆత్రం కళ్లకు గంతలు కడుతుంది. మొన్నటికి మొన్న 2022లో మిషిగన్ విశ్వవిద్యాలయం తమ దగ్గర 1938 నుంచి భద్రంగా ఉన్న గెలీలియో కాగితం నకిలీ అని ప్రకటించింది. గురుగ్రహపు చంద్రుల గమనికలతో ఉన్న 1610 నాటి పత్రంగా దానికి పేరు. పట్టించింది దస్తూరి కాదు, కాగితంలోని నీటిగుర్తు, అంటే వెలుతురుకు ఎత్తి చూస్తే కనిపించే తయారీదారు గుర్తు. ఆ గుర్తున్న కాగితం 1770 కంటే ముందు ఎక్కడా కనిపించదు.

మన జిల్లాలో అదే పని నీటిగుర్తుకు బదులు చిరునామా చేసింది. 2011లో ఒంగోలు నుంచి ఒకాయన నా దగ్గరికి ఒక ఉత్తరం తెచ్చారు. సి.వి. రామన్ కందుకూరులోని ఒక ఉపాధ్యాయునికి 1968లో రాసినదట. ధర 60 వేలు. సిరా బాగుంది, కాగితం పాతది, సంతకం కూడా ఎవరో శ్రద్ధగా సాధన చేసినదే. కవరు తిప్పి చూశాను. చిరునామా చివర 'ప్రకాశం జిల్లా' అని ఉంది. ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడింది 1970 ఫిబ్రవరి 2న. దానికి ప్రకాశం పేరు పెట్టింది 1972 డిసెంబరులో. రామన్ 1970 నవంబరు 21నే కన్నుమూశారు. 1968లో కందుకూరు మా నెల్లూరు జిల్లాలో ఉంది. ఈ మాట చెబితే ఆయన ఏమాత్రం తొణకకుండా, "అప్పట్లో వాడుకలో అలా అనేవారేమో సార్" అన్నారు. వెళ్లేటప్పుడు ఐదు వేలకు ఇస్తాను, ఫ్రేము కట్టించుకోండి అని కూడా అన్నారు.

మన దేశపు ఉత్తరాలకు నేను చూసే తేదీలు ఇవి, గుర్తుపెట్టుకోండి. పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చింది, కనుక రామన్ లెటర్‌హెడ్డు మీద పిన్‌కోడ్ అచ్చయి ఉంటే ఇంక ఉత్తరం చదవనక్కర్లేదు. ఇన్‌లాండు కవరు పుట్టింది 1950 అక్టోబరు 2న. స్టాంపు మీద అణాలు పోయి నయాపైసలు వచ్చింది 1957 ఏప్రిల్ నుంచి. రామన్ 1933 దాకా కలకత్తాలో ఉన్నారు, ఆ తర్వాత బెంగళూరు. రామన్ పరిశోధన సంస్థ మొదలైంది 1948లో. నెల్లూరు 1953 అక్టోబరు దాకా మద్రాసు రాష్ట్రం, ఆపైన ఆంధ్ర రాష్ట్రం, 1956 నవంబరు నుంచి ఆంధ్రప్రదేశ్. బాల్‌పెన్ను అంగట్లోకి వచ్చింది 1940లలో, అమెరికాలోనైతే 1945 చివర్లో, న్యూయార్క్‌లో. 1931 నాటి ఉత్తరం బాల్‌పెన్నుతో ఉంటే నవ్వి ఊరుకోండి.

కాగితాన్ని చూడటానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. పదిరెట్లు చూపే భూతద్దం, నోట్లు పరీక్షించే అతినీలలోహిత టార్చి ఉంటే చాలు. కాగితాన్ని తెల్లగా మెరిపించే రసాయనాలు 1950 ప్రాంతం నుంచి వాడుకలోకి వచ్చాయి. అంతకు ముందు తేదీ ఉన్న కాగితం చీకట్లో ఆ టార్చి కింద నీలంగా మెరిస్తే అనుమానించాల్సిందే. భూతద్దంలో సిరా గీతకు బదులు చుక్కలు కనిపిస్తే అది అచ్చు. నిజమైన పాళీ గీతలు ఒకదాన్నొకటి దాటిన చోట రంగు చిక్కబడుతుంది. దొంగ రాతలో అక్షరాలు అచ్చుగుద్దినట్టు సరిపోతాయి, చేయి మాత్రం భయపడుతూ నడుస్తుంది. మధ్యలో ఆగి మళ్లీ ఎత్తుకున్న చోట్లు కనిపిస్తాయి. మీ సంతకాన్ని మీరే చూసి నెమ్మదిగా కాపీ చేయండి, నేను చెప్పేది అర్థమవుతుంది.

దస్తూరి పోల్చుకునేటప్పుడు మనుషుల అలవాట్లు కూడా తెలియాలి. నీల్స్ బోర్ ఎక్కువగా చెప్పి రాయించేవారు. మొదట తల్లి, తర్వాత భార్య మార్గరెట్, ఆపైన సహాయకులు రాశారు. బోర్ ఉత్తరం వేరే చేతిరాతలో ఉందంటే అది నకిలీ అనుకోనక్కర్లేదు. స్టీఫెన్ హాకింగ్ 1980లలో చేత్తో రాసిన నిండు ఉత్తరం అంటే మాత్రం నమ్మకండి, అప్పటికి ఆయన చేయి కదలదు. తర్వాతి కాలంలో పుస్తకాల మీద వేలిముద్ర వేసేవారు. మేరీ క్యూరీ నోటుపుస్తకాలకు రేడియోధార్మికత అంటుకుని ఉంది కనుక వాటిని పారిస్‌లో సీసపు పెట్టెల్లో పెడతారు. వాటికి అంటిన రేడియం-226 సగానికి తగ్గడానికే 1,600 ఏళ్లు పడుతుంది. మన ట్రంకుపెట్టెల్లో అవి తగలవు కానీ, పాత ప్రయోగశాలల నుంచి వచ్చిన కాగితాలు ముట్టుకున్నాక చేతులు కడుక్కోవడం మంచిదే.

అన్నిటికంటే గట్టి సాక్ష్యం ఆ ఉత్తరం మీదాకా వచ్చిన దారి. ఎవరికి రాశారు, వాళ్ల తర్వాత ఎవరింట్లో ఉంది, మీకు ఎవరిచ్చారు అన్నది తెగని దారంలా ఉండాలి. కావలి మిత్రమా, ఈ విషయంలో మీరు ధనవంతులు. మీ తాతగారి పేరు చిరునామాలో ఉంది, ఆయన ఉద్యోగపు కాగితాలు పెట్టెలో ఉన్నాయి, పెట్టె మీ ఇంట్లో ఉంది. 45 వేలు పోసినా కొనలేనిది మీకు ఊరకే దొరికింది. ఈ రోజే ఒక తెల్లకాగితం తీసుకుని, పెట్టె ఎప్పుడు తెరిచారు, ఎవరెవరు ఉన్నారు, ఉత్తరాలు ఏ పుస్తకాల మధ్య ఉన్నాయి అన్నది రాసి, తేదీ వేసి, ఇంట్లో పెద్దవారి సంతకం తీసుకోండి. నా 140లో 30 ఉత్తరాలకు అలాంటి చీటీ లేదు. కుర్రతనంలో రాసుకోలేదు. ఇప్పుడు వాటిని ఎవరికైనా చూపించాలంటే నా మాటే సాక్ష్యం, అది ఎవరికి కావాలి?

ఇంకెక్కడ వెతకాలని అడుగుతారు. వేలం సైట్లలో వెతకవద్దు. అక్కడ పాడిన ధర మీద పాతిక శాతం అటూఇటూగా కొనుగోలుదారుని రుసుము, ఆపైన కొరియరు, కస్టమ్స్ కలిసి తడిసి మోపెడవుతుంది. మన చుట్టూ వెతకండి. నెల్లూరు, కావలి, ఒంగోలు కాలేజీల్లో యాభైలు, అరవైలు, డెబ్బైలలో ఫిజిక్స్ చెప్పినవారిలో చాలామంది వాల్తేరులోనో మద్రాసులోనో చదివి వచ్చారు. రామన్ దగ్గర పనిచేసి వచ్చిన సూరి భగవంతం వాల్తేరులో పాఠం చెప్పారు. స్వామి జ్ఞానానంద అక్కడే అణుభౌతిక శాఖను నిలబెట్టారు. అలాంటి గురువులున్న శిష్యులు ఊళ్లకు వచ్చాక కూడా ఉత్తరాలు రాసుకోకుండా ఉంటారా? ఆ ఇళ్లకు వెళ్లండి. కొంటామని మొదలుపెట్టవద్దు, చదివి వినిపిస్తామనండి. ఇంగ్లీషు చేతిరాత చదవలేని ముసలమ్మకు భర్త గురించి గురువు మెచ్చుకుంటూ రాసిన నాలుగు ముక్కలు తెలుగులో చెబితే, మీకు కాఫీతో పాటు మొత్తం పెట్టె దొరుకుతుంది. అలా దొరికినప్పుడు అన్నీ తీసుకురాకండి. ఆవిడకు ఇష్టమైనవి అక్కడే ఉంచి, ఫోటోలు తీసుకోండి.

సూళ్లూరుపేట వైపు, అంటే 2022 దాకా మన జిల్లాలోనే ఉండి ఇప్పుడు తిరుపతి జిల్లాలో చేరిన ప్రాంతంలో, రాకెట్ కేంద్రంలో పనిచేసి రిటైరైన కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడ జాగ్రత్త. ఫైలు నంబరు ఉన్నది, పక్కన ట్యాగు కట్టిన రంధ్రాలున్నది సాధారణంగా ప్రభుత్వ రికార్డు. 1993 నాటి పబ్లిక్ రికార్డుల చట్టం ఉంది. విక్రమ్ సారాభాయ్ సంతకమే ఉన్నా ముట్టుకోవద్దు. ఇంటి చిరునామాకు వచ్చిన సొంత ఉత్తరమైతే వేరే సంగతి.

చట్టం గురించి ఇంకో రెండు మాటలు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం శాస్త్ర, చారిత్రక విలువ ఉండి 75 ఏళ్లు నిండిన రాతప్రతులు, పత్రాలు పురావస్తువుల కిందికి వస్తాయి. వాటిని వ్యాపారంగా అమ్మాలంటే లైసెన్సు కావాలి, దేశం దాటించడానికి మామూలు మనిషికి వీల్లేదు. అమెరికాలో ఉన్న మీ బావగారు అడిగినా రామన్‌తో కలిసి పనిచేసిన కె.ఎస్. కృష్ణన్ 1940లో రాసిన ఉత్తరాన్ని సూట్‌కేసులో పంపకండి. ఇక కాగితం మీదైనంత మాత్రాన రాతలోని మాటలు మీవి కావు. కాపీరైటు రాసినవారి వారసులది, రచయిత పోయాక 60 ఏళ్లు ఉంటుంది. అచ్చుకాకుండా ఉండిపోయిన ఉత్తరం ఆయన పోయాక తొలిసారి అచ్చయితే, ఆ అరవై ఏళ్లూ అచ్చయిన ఏడాది తర్వాత నుంచి లెక్క. ఇంట్లో పెట్టుకోండి, వచ్చినవారికి చూపించండి. పుస్తకంగా వేయాలంటే అనుమతి అడగండి.

భద్రపరచడం గురించి చెప్పకపోతే పైన చెప్పిందంతా వృథా. మన దగ్గర దొంగల కంటే తేమ భయం ఎక్కువ. ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు, నవంబరు నెలల్లో నెల్లూరు ఇళ్లల్లో గోడలే చెమ్మగిల్లుతాయి.

లామినేషన్ చేయించవద్దు. మా బంధువు ఒకాయన ఎంతో ప్రేమగా, నేను ఊళ్లో లేనప్పుడు, ఒక ఉత్తరాన్ని బజారులో ఇరవై రూపాయలిచ్చి లామినేట్ చేయించి నాకు కానుకగా ఇచ్చారు. వేడికి సిరా పొడబారింది, ప్లాస్టిక్ ఇక ఊడదు. ఆయనను ఏమీ అనలేకపోయాను. ఇప్పటికీ అది నా బీరువాలో ఉంది, చూసినప్పుడల్లా మొహం తిప్పుకుంటాను. సెల్లోటేపు కూడా అంతే, పదేళ్లకు పసుపు జిగురు కాగితంలోకి దిగుతుంది. గుండుసూదులు, స్టేపుల్ పిన్నులు ముందు తీసేయండి. తుప్పు పట్టిన సూదిని లాగవద్దు, కాగితం వెనక నుంచి గోటితో మెల్లగా నెట్టాలి. తుప్పు మరకను రుద్దవద్దు.

ఆమ్లం లేని కాగితపు ఫోల్డరు, దాని మీద పాలియెస్టర్ తొడుగు, గాలి చొరబడే అట్టపెట్టె, నేలకు అడుగు ఎత్తున గోడకు తగలని చోటు. ఇంతే కావలసింది. వేపాకులు పుస్తకాల బీరువాలో వేసుకోండి, ఉత్తరాల మధ్య వేస్తే మరక పడుతుంది. కలరా ఉండలు కాగితానికి తగలకూడదు. న్యూస్‌పేపరులో చుట్టడం మనవాళ్లకు అలవాటు, కానీ ఆ కాగితంలోని ఆమ్లం పక్క కాగితాన్ని పసుపురంగుకు తిప్పుతుంది. మడిచిన ఉత్తరాన్ని ఒకసారి విప్పాక మళ్లీ మడవకండి. నంబరు వేయాలంటే మెత్తని పెన్సిలుతో ఫోల్డరు మీద వేయండి.

2021 నవంబరులో పెన్నకు వరద వచ్చినప్పుడు ఒక మిత్రుని ఇంట్లోకి నీళ్లొచ్చి 20 ఉత్తరాలు నానాయి. ఆయన ఎండలో ఆరబెట్టబోతుంటే ఫోనులో ఆపాను. ఎండకు కాగితం వంకరలు పోతుంది, ఒకదానికొకటి అంటుకుంటుంది. ఒక్కొక్కటి ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఫ్రిజ్‌లో గడ్డకట్టే అరలో పెట్టించాను. తర్వాత రోజుకు రెండు చొప్పున తీసి, అద్దుడు కాగితాల మధ్య ఫ్యాను గాలికి ఆరబెట్టాం. పాళీ సిరాతో రాసినవి ఆరింటిలో అక్షరాలు కరిగిపోయాయి, మిగిలినవి దక్కాయి. ఆయన ఏ ఒక్కటీ ముందుగా స్కాన్ చేసి పెట్టుకోలేదు. మీరు ఈ వారంలోనే 600 డీపీఐ దగ్గర రెండు వైపులా, కవరుతో సహా స్కాన్ చేయండి.

కొన్నేళ్లకు మీకూ నాలాగే ఇవి మన తర్వాత ఎవరికి అన్న ప్రశ్న వస్తుంది. మా పిల్లలకు ఆసక్తి లేదు, వాళ్లను తప్పుపట్టను. ముంబైలో టాటా పరిశోధన సంస్థ ఆర్కైవ్స్, బెంగళూరులో జీవశాస్త్రాల జాతీయ కేంద్రం (ఎన్‌సీబీఎస్) ఆర్కైవ్స్ శాస్త్రవేత్తల కాగితాలను భద్రపరుస్తున్నాయి. దగ్గరలో కావాలంటే 1918 నుంచి నడుస్తున్న వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయం ఉంది. ఉత్తరాల్లోని తేదీలు, సభల వార్తలు సరిచూసుకోవడానికి నేను అక్కడి పాత పత్రికల దగ్గర ఎన్నో పూటలు గడిపాను. మా మాస్టారి సోడియం గీతల జతను ఎక్కడికి పంపాలో ఇంకా తేల్చుకోలేదు.

మీ పెట్టెలో దొరికిన రెండో దాని గురించి మీరు ప్రశ్నలో ఏమీ రాయలేదు. కార్డు మీద పేరున్న సంతకం ఉంది కనుక కవరును పక్కన పెట్టేసి ఉంటారు. ఆ కవరును తెరవడానికి ముందు వెనకవైపు ముద్ర కనిపించేలా, పక్క నుంచి వెలుతురు పడేలా ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. చేరిన ఊరి ముద్ర, తేదీ చదవగలిగితే లోపలి ఉత్తరం ఎవరిదో సగం తేలిపోతుంది. స్టాంపు మాత్రం ఊడదీయకండి.